మూయని బ్రాకెట్టు

తొమ్మిదిన్నరకల్లా ఇంటినుంచే ప్రోగ్రాము పంపేసి తాపీగా ఇడ్లీ తినాలని ఇంద్రజ ఆ ఉదయం అనుకుంది. పదింటికి పడవ రేవుల్లో టికెట్లిచ్చే యంత్రాలన్నీ దానితోనే నడవాలి. సాల్ట్ లేక్ ఆఫీసులో చేరి రెండు నెలలే అయింది. ఇంకో తప్పు దొర్లితే ఉద్యోగం ఉండదని మేనేజరు నవ్వుతూనే చెప్పాడు.

తొమ్మిదీ నలభైకి తెరమీద ఒక బ్రాకెట్టు ఎర్రబడింది. కర్సర్ పక్కన పెడితే దాని జోడు వెలగాలి. వెలగలేదు. రెండువేల వరుసల్లో ఎక్కడో ఒకటి మూయలేదన్నమాట. తోటి ఉద్యోగి నవదీప్‌కు ఫోన్ చేసింది.

"ఎక్కడో తెరిచి వదిలేశాను నవదీప్! మూయలేదు. పదింటికి మొత్తం పేలిపోతుంది!"

డాక్‌లో పనిచేసి రిటైరైన తండ్రి కూర్మయ్య పక్క గదిలోంచి అది విన్నాడు.

"ఒలమ్మో, గేసు! నడే బయటికి! స్విచ్చి ముట్టకు!"

"ఎక్కడ నాన్నా?"

"నన్నడుగుతావేటి? నడు!"

ల్యాప్‌టాప్‌ను గుండెకు హత్తుకుని ఆమె వట్టి కాళ్లతో మూడంతస్తులూ దిగింది. ఆయన ప్రతి తలుపూ బాదుతూ, "గేస్ దాదా, పాలావ్!" అంటూ బెంగాలీలో పారిపొమ్మని అరిచాడు. నలభైమంది గార్డెన్ రీచ్ రోడ్డున పడ్డారు. ఎవరో ఫైరింజనుకు ఫోన్ చేశారు.

తొమ్మిదీ యాభై ఐదు. ఏ ఇల్లు పేలుతుందోనని ఒక భయం, ఉద్యోగం పోతుందని ఇంకో భయం. ఫుట్‌పాత్ మీద కూలబడి చిట్టచివరి బ్రాకెట్టు పక్కన కర్సర్ పెట్టింది. మొదటి వరుసలోది వెలగాల్సింది పోయి మధ్యలో ఇంకేదో వెలిగింది. దాన్ని మూసింది. ఎరుపు పోయింది. ఫోన్ నెట్‌తో పంపేసింది.

"మూసేశాను నాన్నా!"

"ఏటి? ఇక్కడ్నించా?"

"బ్రాకెట్టు! ప్రోగ్రాములో..."

ఆమె మూయనిది గ్యాసు కాదని కూర్మయ్యకు అప్పుడు అర్థమైంది. నలభైమందీ ఆయన్నే చూస్తున్నారు. అప్పుడే ఫైరింజను మలుపు తిరిగింది. ఉత్తపుణ్యానికి పిలిచినందుకు పోలీసులకు అప్పగిస్తారా?

లోపలికెళ్లిన ఫైర్‌మన్ పది నిమిషాలకు చెమటలు తుడుచుకుంటూ వచ్చాడు. మొదటి అంతస్తులో ఒంటరిగా ఉండే పుష్పరాణి ఇంట్లో పాలు పొంగి స్టవ్ ఆరిపోయిందట. వంటింటి నిండా గ్యాసే.

పుష్పరాణి కూర్మయ్య చేతులు పట్టుకుంది. "నీకెలా తెలిసిందన్నయ్యా?"

ఆయన కూతురి వైపు చూడకుండా, "వాసనొచ్చిందమ్మా" అన్నాడు.

ఇప్పుడు ఇంద్రజ ఫోన్‌లో కాస్త గొంతు పెంచితే చాలు, కింది అంతస్తులవాళ్లు చెప్పులేసుకుని కూర్చుంటున్నారు.