కోత లేని ఆపరేషన్

ఇందుమూలంగా యావన్మందికీ తెలియజేయడమేమనగా, కోత లేకుండా కిడ్నీలో రాళ్లు తీయడం ఎంత గొప్ప విద్య అయినా, చుట్టాలకు చూపించడానికి ఏమీ మిగల్చకపోవడం అందులో పెద్ద లోపం. ఆ లోపానికి బలైన మనిషి లాండ్రీలో పనిచేసే ఇస్త్రీ పెద్దమ్మ.

ఆమె పెద్ద తోటికోడలికి ఇరవై ఏళ్ల కిందట ఇదే జబ్బుకు నడుం పక్కన జానెడు కోత పెట్టారు. ఆ కోత పుణ్యమా అని ఆవిడ నేటికీ బిందె ఎత్తదు, చీపురు పట్టదు. ఇంటికి ఎవరొచ్చినా పద్దెనిమిది కుట్లూ చూపిస్తుంది. అందుకే తనకూ రాయి ఉందని తెలిసిన రోజు పెద్దమ్మ నొప్పితో మెలికలు తిరుగుతూనే లోలోపల మురిసిపోయింది.

డాక్టరమ్మ మూడు దారులు చెప్పింది. బయటినుంచి తరంగాలు పంపి రాయిని ముక్కలు చేయడం ఒకటి. మూత్రం వచ్చే దారిలోంచే సన్నని గొట్టం పంపి లేజర్‌తో పగలగొట్టడం ఇంకొకటి. రాయి మరీ పెద్దదైతే వీపున చిన్న రంధ్రం చేసి తీస్తారు. పెద్దమ్మ తీరిగ్గా ఆలోచించి రంధ్రం కోరుకుంది.

"మీ రాయికి అంత అవసరం లేదమ్మా, లేజర్ చాలు."

"రెండు కుట్లైనా వెయ్యండి తల్లీ. ఊరికే ఇంటికెళ్తే ఎవరు నమ్ముతారు?"

డాక్టరమ్మ వినలేదు. లేజర్‌తో పని కానిచ్చి మర్నాడే పంపేసింది. మూత్రం అడ్డు లేకుండా దిగాలని లోపల కొన్నాళ్లపాటు ఒక చిన్న గొట్టం ఉంచారు. మూత్రానికి వెళ్లినప్పుడల్లా నిప్పులు పోసినట్టుండేది. పది రోజులు బరువులు ఎత్తొద్దని చీటీ కూడా రాసిచ్చారు.

పరామర్శకు వచ్చినవాళ్లు ఆమె పొట్టా వీపూ క్షుణ్ణంగా తనిఖీ చేసి, ఏమీ దొరక్క నీరసపడ్డారు. "దీన్ని కూడా ఆపరేషనంటారా చెల్లీ?" అంది తోటికోడలు జాలిగా. కోత లేదు కనుక ఎల్లుండి పనిలోకి రావచ్చని లాండ్రీ యజమాని కబురు పెట్టాడు.

పెద్దమ్మ మందుల షాపు నుంచి వెడల్పాటి కట్టుగుడ్డ తెప్పించి, నడుం చుట్టూ నాలుగు వరసలు చుట్టి, మధ్యలో ఎర్రమందు పూసింది. లోపలి కోత పైకి తేలిందని చెప్పింది. ఎలా తేలిందని ఒక్కరూ అడగలేదు. తోటికోడలు స్వయంగా మంచినీళ్లు అందించింది. యజమాని పదిహేను రోజులు సెలవిచ్చాడు. డాక్టరు చీటీ చదివిన పాపాన ఎవరూ పోలేదు.

మూడు నెలలు తిరక్కుండా, పక్క బల్ల మీద ఇస్త్రీ చేసే ఆవిడకూ అదే రాయి, అదే లేజర్. ఆవిడ తెలివితక్కువది, చీటీ ఒక్కటే పట్టుకొచ్చింది. అనుభవజ్ఞురాలని పెద్దమ్మ అభిప్రాయం కోరాడు యజమాని. ఆవిడ సెలవు పెడితే ఆవిడ వంతు దుప్పట్లన్నీ పెద్దమ్మ నెత్తినే పడతాయి.

"కోత పడలేదు కదండీ, రేపట్నుంచి రమ్మనండి," అంది పెద్దమ్మ.

ఆవిడ వచ్చింది. పొద్దుటినుంచి నాలుగోసారి పెరట్లోకని లేస్తుంటే, పెద్దమ్మ గోడ గడియారం వైపు చూసింది.