సందులో దిగిన సామాను

తాళాలు బాగుచేసే మేస్త్రి ఆ ఉదయం ఊరు ఖాళీ చేద్దామనుకున్నాడు. వచ్చి ఏళ్ళు గడిచినా, నగరం తనకేమీ కాదనీ, పొట్ట గడవడానికే ఉన్నాననీ అందరితో అనేవాడు. బావమరిది తమ ఊళ్ళో ఒక కొట్టు చూసిపెట్టి, వ్యాను తోలుకుంటూ వచ్చాడు. సామానంతా వ్యానెక్కింది. మేస్త్రి భార్య మాత్రం మూతి ముడుచుకుని ముందు సీట్లో కూర్చుంది.

బండి కదిలింది మొదలు బావమరిది నగరాన్ని దులిపేశాడు. రోడ్లు ఇరుకట, మనుషుల మనసులు అంతకన్నా ఇరుకట. మేస్త్రి కాసేపు ఊఁ కొట్టాడు. వంతెన దాటేసరికి ఊఁ ఆగిపోయింది.

"ఇరుకైతే అయింది. సర్దుకుని ఉంటున్నాం కదా," అన్నాడు. తనకెందుకు రోషమొచ్చిందో తనకే తెలియలేదు.

మాటా మాటా పెరిగింది. ఆ కోపంలో బావమరిది మలుపు తప్పి ఒక సందులో దూరాడు. వ్యాను మీద కట్టిన మంచం ఒక మేడ బాల్కనీ కింద ఇరుక్కుంది. మంచం విప్పాలంటే దాని చుట్టూ కుక్కినవన్నీ దించాలి. దించారు.

ఎదురింటి ఇల్లుగలావిడ అది చూసి, బ్రోకరు పంపుతానన్న అద్దెవాళ్ళు వచ్చేశారని సంబరపడి, కింది వాటా తలుపు తీసింది. ఇరుగుపొరుగు తలో చెయ్యీ వేసి సామాను లోపలికి చేర్చారు. దారికి అడ్డం తీస్తున్నారు కాబోలనుకుని మేస్త్రి అందరికీ దండాలు పెట్టాడు. బావమరిది మాత్రం దోచుకుపోతున్నారని గోల చేశాడు.

ఆ గోలకు ఒక ముసలాయన బయటికొచ్చి, "ఏ ఊరివాళ్ళు మీరు?" అన్నాడు.

మేస్త్రికి ఎక్కడో కాలింది. "ఏ ఊరేమిటండీ? ఈ ఊరే. మీ గేటుకి తాళం బిగించింది నేనే."

బావమరిది వెళ్ళి వ్యానులో కూర్చున్నాడు. వీళ్ళు బ్రోకరు పంపినవాళ్ళు కారని తెలిశాక ఇల్లుగలావిడ, ఎవరైతేనేం, సామాను సర్దేశారుగా, ఉండిపొండి అంది. మేస్త్రి లోపలికెళ్ళేసరికి భార్య వంటగదిలో గిన్నెలు బోర్లిస్తోంది. మళ్ళీ వ్యానెక్కిద్దామా అని భయపడుతూనే అడిగాడు.

"ఇంత సామానూ మళ్ళీ ఎవరు మోస్తారు?" అంది ఆవిడ.

అలా ఉండిపోవడాన్నే మేస్త్రి ఇప్పటికీ నగరం మీద మమకారమని చెప్పుకుంటున్నాడు.