పసుపు గీత వెనక డాక్టరు

ఆస్ట్రేలియాకు దేవుడు మంచును అతి పొదుపుగా ఇచ్చాడు కాబట్టి, ఆ కాస్త మంచు మీద ఎవరు అడుగు పెట్టవచ్చో తేల్చడానికి మనుషులు నూట పద్దెనిమిది పేజీల నియమావళి రాసుకున్నారు. సౌత్ రేంజి ప్రాంతీయ జూనియర్ ఐస్ హాకీ లీగులో జట్లు నాలుగు, కమిటీలు ఏడు. (కమిటీలు మరీ ఎక్కువయ్యాయా అన్న సంగతిని ఎనిమిదో కమిటీ పరిశీలిస్తోంది.)

టూవూంబాలో ఒక ఆసుపత్రి ఎమర్జెన్సీ విభాగంలో పద్నాలుగేళ్ళుగా పనిచేస్తున్న డాక్టర్ నీలిమకు ఈ నియమావళి కూతురి వల్ల పరిచయమైంది. పన్నెండేళ్ళ అనన్య కాకటూస్ జట్టులో డిఫెన్స్ ఆడుతుంది. ఊళ్ళో మంచు లేదు కనుక, ప్రతి ఆదివారం తెల్లారకముందే కారులో కొండ దిగి, గంటన్నర దూరంలో లోపల మంచు పరిచి ఉంచిన ఒక పెద్ద రేకుల షెడ్డుకు వెళ్ళాలి. మూడేళ్ళుగా వెళుతున్నారు. అనన్య ఇంతవరకు ఒక్క గోలూ కొట్టలేదు. అయినా శనివారం సాయంత్రమే బ్యాగు సర్దుకుని తలుపు దగ్గర పెట్టుకుంటుంది.

ఈ ఏడాది కొత్త నిబంధన వచ్చింది. జట్టు వెనక గుర్తింపు పొందిన ప్రథమ చికిత్సాధికారి ఒకరు ఆకుపచ్చ కోటు వేసుకుని నిలబడాలి. లేకపోతే ఆట జరగదు, ఎదుటి జట్టు ఐదు–సున్నాతో గెలిచినట్టు రాసుకుంటారు.

జట్టు తల్లిదండ్రులంతా నీలిమ వైపు తిరిగారు. ఆమె తన ఎంబీబీఎస్ పట్టా, ఈ దేశంలో ఆరేళ్ళు పరీక్షలు రాసి తెచ్చుకున్న స్పెషలిస్టు పట్టా, రెండూ లీగు యాప్‌లో ఎక్కించింది. ఇవి ఏ రకం పత్రాలో చెప్పమని యాప్ అడిగింది. జాబితాలో ప్రథమ చికిత్స సర్టిఫికెట్ ఉంది, బీచ్ లైఫ్‌గార్డు, గుర్రపు స్వారీ క్లబ్బు సహాయకుడు ఉన్నారు. డాక్టరు లేడు. నీలిమ ‘ఇతరములు’ నొక్కింది. పదకొండు రోజుల తరువాత, లీగు నిబంధనల పాలన చూసే లినెట్ హాబ్సన్ అనే పెద్దావిడ ఎంతో మర్యాదగా జవాబు రాసింది. ‘ఇతరములు’ అన్నది లెక్కల కోసం పెట్టినదే తప్ప అంగీకరించడానికి కాదట.

సరే, ఆ సర్టిఫికెట్టే తెచ్చుకుందామని నీలిమ శిక్షణకు దరఖాస్తు పెట్టింది. వృత్తి అన్న గడిలో డాక్టరు అని రాయగానే పేజీ ఆమెను అభినందించింది. వైద్యవృత్తిలో ఉన్నవారికి ఈ శిక్షణ అవసరం లేదు కనుక దరఖాస్తు రద్దు చేశామంది.

మొదటి ఆదివారం కాకటూస్ పిల్లలు ప్యాడ్లు, హెల్మెట్లు కట్టుకుని బెంచీ మీద కూర్చుని ఐదు–సున్నాతో ఓడిపోయారు. తిరుగుప్రయాణంలో కొండ ఎక్కేదాకా అనన్య ప్యాడ్లు విప్పలేదు.

“మమ్, యూ ఆర్ లిటరల్లీ ఎ డాక్టర్,” అంది చివరికి.

“అవునమ్మా. వాళ్ళకి అది సరిపోవట్లేదు,” అంది నీలిమ.

ఆ భారం భర్త ద్వారకానాథ్ మీద పడింది. ఆయన యూనివర్సిటీలో మట్టి గురించి పాఠాలు చెబుతారు. వేలికి కూరగాయల కత్తి తగిలితే కళ్ళు మూసుకుని చెయ్యి భార్య ముందుకు చాచే మనిషి. ఆన్‌లైన్ పరీక్ష నలభై నిమిషాల్లో ముగించారు. ఇరవై ఐదు ప్రశ్నల్లో పంతొమ్మిది భార్యను అడిగి రాశారు. (ఆమె చెప్పిన వాటిలో రెండు తప్పని తేలింది.) తరువాతి ఆదివారానికి ఆయన ఆకుపచ్చ కోటు వేసుకుని మంచు పక్కన నిలబడ్డారు. నీలిమ ప్రేక్షకురాలిగా, ప్రేక్షకులు దాటకూడని పసుపు గీత వెనక కూర్చుంది.

“నీలూ, ఏదైనా అయితే నువ్వు వెనకే ఉంటావు కదా?” అన్నారాయన.

“గీత దాటకూడదట అండీ.”

“వాళ్ళు అలాగే అంటార్లే.”

ఎనిమిదో వారం ఎదుటి జట్టు కుర్రాడొకడు వేగంగా వచ్చి చెక్కగోడకు కొట్టుకుని కదలకుండా పడిపోయాడు. గడ్డం చిట్లి మంచు మీద రక్తం పాకింది. ద్వారకానాథ్ పెట్టె పట్టుకుని వెళ్ళారు. చూశారు. కుర్రాడి పక్కనే మెల్లగా ఒరిగిపోయారు. (నిబంధన ప్రకారం హెల్మెట్ పెట్టుకున్నారు కనుక దెబ్బ తగల్లేదు.)

కుర్రాడి గొంతులో గురక లాంటి చప్పుడు నీలిమకు పసుపు గీత దాకా వినిపించింది. ఆ చప్పుడు అర్థం ఆమెకు తెలుసు. తరువాత సంగతి ఆమెకు సరిగా గుర్తులేదు. మోకాళ్ళ మీద మంచులో కూర్చుని, వాడి మెడ కదలకుండా పట్టుకుని, దవడ ముందుకెత్తి, ఊపిరి సాఫీగా ఆడేదాకా, అంబులెన్సు వచ్చేదాకా అలాగే ఉంది. వేళ్ళు కొయ్యబారిపోయాయి. మూడు వారాల్లో కుర్రాడు మళ్ళీ బడికి వెళ్ళాడు. వాళ్ళ అమ్మ నీలిమ ఇంటికి కేకు పంపింది.

లీగు నోటీసు పంపింది. హెల్మెట్, స్కేట్లు లేకుండా అనధికార వ్యక్తి మంచు మీదికి వచ్చారని ఫిర్యాదు. అదే నివేదికలో, ప్రథమ చికిత్సాధికారి మొదటినుంచి చివరివరకు బాధితుడి పక్కనే ఉన్నారని ద్వారకానాథ్‌ను మెచ్చుకున్నారు. అది అక్షరాలా నిజం.

విచారణ వీడియో కాల్‌లో జరిగింది.

“మరి నేనేం చెయ్యాల్సింది?” అని అడిగింది నీలిమ.

“గీత వెనక నుంచి ప్రథమ చికిత్సాధికారికి సలహా ఇవ్వవచ్చు డాక్టర్,” అంది లినెట్.

“ఆయనకి స్పృహ లేదు.”

“వినడం ఆయన బాధ్యత. చెప్పడం వరకే మీది.”

రెండు ఆటలు సస్పెన్షన్. ఆ రెండూ సెమీఫైనల్, ఫైనల్. ఆ రాత్రి అనన్య వచ్చి తల్లి పక్కన పడుకుంది.

ఫైనల్ రోజు నీలిమ ఇద్దరినీ దింపి కార్ పార్కులో కూర్చుంది. రేకుల వెనక నుంచి పిల్లల అరుపులు లీలగా వినిపిస్తున్నాయి. సగం ఆట అయ్యాక ఎవరో కిటికీ అద్దం తట్టారు. లినెట్.

“అఫీషియల్‌గా రాలేదు డాక్టర్. ఈ మోకాలు నెల్లాళ్ళుగా వాచిపోతోంది. మా డాక్టరు అపాయింట్‌మెంట్ పంతొమ్మిదో తారీకు దాకా లేదు.”

నీలిమ దిగి, ఆవిడను సీట్లో కూర్చోబెట్టి, తాను కింద కూర్చుని, ఆవిడ కాలు ఒళ్ళో పెట్టుకుని నెమ్మదిగా నొక్కి చూడసాగింది. లోపల హారన్ మోగింది. లినెట్ చేతిలో ఫోన్ మెరిసింది.

“కాకటూస్ గోల్. పదిహేడో నంబరు.”

నీలిమ చేతులు ఆగిపోయాయి.

“పదిహేడు మా అమ్మాయి,” అంది. “ఒకసారి చూపిస్తారా?”

లినెట్ ఫోన్ తిప్పబోయి, ఏదో గుర్తొచ్చి గుండెలకు అదుముకుంది. నిజంగానే బాధపడింది.

“సారీ డాక్టర్. సస్పెన్షన్‌లో ఉన్నవాళ్ళకు లైవ్ స్కోరు చూపించకూడదు. నేను అన్నది కూడా మీరు విననట్టే అనుకోండి,” అని కాలు కాస్త ముందుకు జరిపింది. “ఇంతకీ, దీని మీద మంచు పెట్టుకోవచ్చా?”