కాశీలో వదిలిన కాకరకాయ

వెంకటరత్నం కాశీ వెళ్ళి కాకరకాయ వదిలేసి వచ్చాడు.

ఈ సంగతి రాజమండ్రి స్టేషన్లో రైలు దిగి, సామాన్లు ఇంకా లెక్క చూసుకోకముందే భార్య నాగదుర్గకు చెప్పేశాడు. క్షేమంగా వచ్చాం అన్న మాట ఆ తర్వాత గుర్తొచ్చి చెప్పాడు.

"కాకరకాయా?" అంది నాగదుర్గ.

"అవును దుర్గా. కాశీ వెళ్ళినవాళ్ళు ఒక కాయ, ఒక పండు వదిలెయ్యాలి కదా. కాయల్లో కాకరకాయ, పండ్లలో నేరేడు పండు వదిలేశాను. ఇంక జన్మలో ముట్టకూడదు. ముడితే మహాపాపం."

"నేరేడు పండు కూడానా?"

"పండు వదిలేశాక గింజ మాత్రం ఎలా తింటాం చెప్పు? ఆ పొడి సీసా ఎవరికైనా ఇచ్చెయ్."

అసలు సంగతి ఏమిటంటే, వెంకటరత్నానికి మెయిన్ రోడ్డులో స్టీలు సామాన్ల కొట్టు ఉంది. గిన్నె కొనడానికి వచ్చినవాళ్ళకి ఆ గిన్నెలో ఏం వండుకుంటే బావుంటుందో చెప్పి, చెబుతూ చెబుతూ తనకే ఆకలేసి, బేరం మధ్యలో వదిలేసి పెసరట్టుకి వెళ్ళిపోయే మనిషి. అలాంటివాడికి ఏడాది మొదట్లో డాక్టరు, షుగరు బోర్డరులో ఉంది, జాగ్రత్తగా ఉంటే మందులు లేకుండా గడిచిపోతుంది అన్నాడు. బోర్డరు అన్న మాట వినగానే నాగదుర్గ సైన్యాన్ని దింపింది. పొద్దున్నే పరగడుపున నేరేడు గింజల పొడి. మధ్యాహ్నం కాకరకాయ వేపుడు. రాత్రికి కాకరకాయ పులుసు. ఆదివారం పండగలాగా కాకరకాయలో కారం కూరి పెట్టేది. స్వీట్ల పేరు ఇంట్లో ఎత్తకూడదు.

పదేళ్ళుగా కాశీ తీసుకెళ్ళరా అని తల్లి పాపాయమ్మ అడుగుతుంటే కొట్టు వదిలి రాలేనన్నవాడు, ఈసారి వర్తక సంఘం వాళ్ళ యాత్రకి ముందుగా తనే పేరిచ్చాడు. కొడుక్కి ఎంత భక్తి కుదిరిందని ఆవిడ కళ్ళు తుడుచుకుంది. పిల్లకి పరీక్షలని నాగదుర్గ ఊళ్ళోనే ఉండిపోయింది. పిల్ల చదివేది యూకేజీ.

నాగదుర్గ అత్తగారి వైపు చూసింది. పాపాయమ్మ సంచి ముడి సర్దుకుంటూ, "వాడే చెప్పాడు కదమ్మా" అని అటు తిరిగిపోయింది.

"సరేనండి. గంగలో వదిలాక వదిలినట్టే" అంది నాగదుర్గ.

అంత తేలిగ్గా ఒప్పుకున్నందుకు వెంకటరత్నానికి అనుమానం రావలసింది. సంతోషంలో రాలేదు. ఇంటికి వెళ్ళగానే ఫ్రిజ్‌లో ఉన్న కిలో కాకరకాయలూ పక్కింటివాళ్ళకి తనే స్వయంగా ఇచ్చి వచ్చాడు.

ఇంక కూతురి సంగతి చెప్పాలి. సాయిప్రసన్నకి ఐదేళ్ళు. ఆ పిల్లకి అన్నం పెట్టడం తండ్రి ఉద్యోగం. నాన్నకో ముద్ద, నాకో ముద్ద అన్నది వాళ్ళిద్దరి ఒప్పందం. తండ్రి నోట్లో ముద్ద పడితేగాని పిల్ల నోరు తెరవదు. "మీరు తినడానికి దాన్ని సాకు పెట్టుకున్నారు" అని నాగదుర్గ సాధించేది గాని, ఆవిడ పెడితే పిల్ల గంటసేపు బుగ్గన పెట్టుకుని కూర్చునేది. అందుకని ఊరుకుంది.

ఆదివారం తండ్రీకూతుళ్ళు షికారు వెళతారు. షికారులో నాలుగు కాజాలు తండ్రికి, ఒకటి కూతురికి. "అమ్మకి చెప్పకు" అన్నది ఆ కాజాతో పాటు వచ్చే మాట. తినలేక మిగిలింది ఏదైనా ఉంటే కాగితంలో చుట్టి చొక్కా జేబులో పెట్టుకుని, వీధి మలుపు దాకా వచ్చేలోపు దాని పని కూడా పట్టేవాడు.

కాశీ నుంచి వచ్చాక మొదటి ఆదివారం పిల్లని అన్నవరం తీసుకెళ్ళాడు. బయల్దేరే ముందు మూడు పెసరట్లు ఉప్మాతో తిన్నాడేమో, రైలు కదలగానే నిద్ర పట్టేసి, అన్నవరం దాటిపోయి తునిలో మెలకువ వచ్చింది. దిగాం కదా అని అక్కడ ఇడ్లీ తిన్నారు. వెనక్కి వచ్చి, కొండెక్కి, సత్యనారాయణస్వామి దర్శనం చేసుకుని, ఆకులో కట్టిన ప్రసాదం తిన్నారు. దారిలో కాశీ కథంతా పిల్లకి వివరంగా చెప్పాడు. గంగ ఎలా ఉంటుంది, మునిగితే ఏమవుతుంది, వదిలేస్తే ఎందుకు మళ్ళీ తినకూడదు, అన్నీ చెప్పాడు. ఆ చెప్పడంలో తన తెలివికి తనే మురిసిపోయాడు.

సోమవారం పొద్దున్న నాగదుర్గ పాల గ్లాసు ఇస్తే పిల్ల చేతులు వెనక్కి పెట్టుకుంది.

"నేను పాలు తాగకూడదు. వదిలేశాను."

"ఎక్కడ?"

"అన్నవరంలో. కొండ మీద. తాగితే మహాపాపం."

నాగదుర్గ మొగుడి వైపు చూసింది. వెంకటరత్నం పేపర్లోకి దూరిపోయాడు.

మంగళవారం స్కూలు డబ్బాలో ఇడ్లీలు పెట్టినవి పెట్టినట్టే తిరిగొచ్చాయి. ఇడ్లీ తుని స్టేషన్లో వదిలేసిందట. అక్కడ దేవుడెవరున్నారే అని అడిగితే, రైలు ఆగింది కదా అంది. గురువారం ఫోన్లో పెదనాన్నతో మాట్లాడుతూ, కిందటి సెలవుల్లో జంగారెడ్డిగూడెం వాళ్ళింటికి వచ్చినప్పుడు ఆనపకాయ అక్కడే వదిలేశానని, ఆ సంగతి చెప్పడం మర్చిపోయానని చెప్పింది. రెండో ఆదివారం ధవళేశ్వరం ఆనకట్ట చూపించి తీసుకొస్తే బెండకాయ, పప్పు, పెరుగు, మూడూ ఒకే దెబ్బకి నీళ్ళలో వదిలేసి వచ్చింది.

"మీరు కాశీ వెళ్ళొచ్చారు, అది ధవళేశ్వరం వెళ్ళొచ్చింది. ఎవరి స్తోమతు వాళ్ళది" అంది నాగదుర్గ.

వెంకటరత్నానికి ఒళ్ళు మండింది. గదమాయిద్దామంటే నోరు రాదు. దొంగకి తేలు కుట్టినట్టుంది. చివరికి పిల్లని ఒళ్ళో కూర్చోబెట్టుకుని నెమ్మదిగా మొదలుపెట్టాడు.

"పెద్దవాళ్ళే వదలాలమ్మా. అదీ బాగా ఇష్టమైనవే వదలాలి."

"నీకు కాకరకాయ ఇష్టమా నాన్నా?"

వంటింట్లో గరిట చప్పుడు ఆగింది.

"ఇష్టమే" అన్నాడు వెంకటరత్నం, వంటింటికి వినపడేలా. "చాలా ఇష్టం."

"మరి తినేటప్పుడు మొహం అలా పెట్టేవాడివేం?"

"అది ఇష్టంతో పెట్టిన మొహం."

"నాకూ పాలంటే అలాంటి ఇష్టమే" అంది పిల్ల.

గరిట మళ్ళీ మోగింది. ఈసారి కాస్త హుషారుగా మోగింది.

ఇదంతా ఒక ఎత్తు. శుక్రవారం నాడు పిల్ల అన్నమే వదిలేసింది. ఎక్కడికీ వెళ్ళకుండా, ఇంట్లోనే, బాత్రూంలో వదిలేసింది.

"బాత్రూంలో ఎలా వదులుతావే?" అని అరిచాడు వెంకటరత్నం.

"నానమ్మ నాకు స్నానం చేయించేటప్పుడు గంగా యమునా అని శ్లోకం చెప్పింది. బకెట్లోకి గంగ వస్తుందట. ఆ నీళ్ళలో వదిలాను."

పాపాయమ్మ కాదనలేదు. రోజూ చెప్పే శ్లోకమే మరి.

ఆ సాయంత్రం పిల్లని కొట్టుకి తీసుకెళ్ళాడు. స్టీలు సామాను తూకానికి అమ్ముతారు గనక కొట్లో పెద్ద కాటా ఉంది. ఊరికే, సరదాకి, పిల్లని దాని మీద నిలబెట్టాడు. పదిహేను కిలోల ఎనిమిది వందలు. కిందటి నెల పుట్టినరోజుకి తూస్తే పదిహేడు దాటింది. దింపి, కాటా తుడిచి, మళ్ళీ నిలబెట్టాడు. అదే చూపించింది. పిల్ల కాటా మీద నిలబడి, "నన్ను ఎంతకి ఇస్తావు నాన్నా?" అని నవ్వుతోంది. వెంకటరత్నానికి మాత్రం నిజంగా భయం వేసింది. మోచేతులు సన్నబడ్డట్టు అప్పుడే కనిపించాయి. దారిలో బజ్జీల బండి ఎదురైతే ఆగకుండా వచ్చేశాడు. పెళ్ళయ్యాక అలా రావడం అదే మొదటిసారి.

ఆ రోజు కంచం ముందు కూర్చుంటే ముద్ద దిగలేదు. నాన్నకో ముద్ద అనడానికి ఎదురుగా ఎవరూ లేరు. పిల్ల రెండు బిస్కెట్లు తిని ఆడుకోవడానికి పోయింది.

"దుర్గా" అన్నాడు. "కాకరకాయ నాకు ఇష్టం లేదు."

"తెలుసండి."

"నేరేడు పండు కూడా."

"అదీ తెలుసు."

"మరి తెలిసీ ఊరుకున్నావేం?"

"మీకూ గంగకీ మధ్యలో నేనెవర్నండి?"

గుమ్మం దగ్గర కూర్చున్న పాపాయమ్మ అప్పుడు నోరు విప్పింది. "ఒరే రత్నం, నేను పనస వదిలేశానురా. పనసతొనలంటే నాకెంత ప్రాణమో నీకు తెలుసు. ఇష్టమైంది వదిలితేనే వదిలినట్టు. నువ్వు నా పక్కనే నడుంలోతు నీళ్ళలో నిలబడి కాకరకాయ అన్నావు. గంగమ్మ ముందు కొడుకుని తిట్టడం ఎందుకని ఊరుకున్నాను."

వెంకటరత్నం తల వంచుకున్నాడు. కాశీ నుంచి వచ్చాక తల్లి పనసకాయల బండి వెళుతుంటే తలుపు వేసుకోవడం అతను చూశాడు. ఎండకి వేసుకుందనుకున్నాడు.

"ఇప్పుడేం చెయ్యాలమ్మా? అది నిజంగా నమ్మేసింది. మళ్ళీ తినమంటే, వదిలింది ఎలా తెచ్చుకుంటాం అంటోంది."

"వదిలిన చోటికి వెళ్ళి తెచ్చుకోవాలి" అంది నాగదుర్గ, ఎప్పటి నుంచో తయారుగా పెట్టుకున్నట్టు. "ముందు మీరు తెచ్చుకుంటే మిమ్మల్ని చూసి అదీ తెచ్చుకుంటుంది."

"కాశీయా? మళ్ళీనా?"

"బకెట్లోకి వచ్చిన గంగ గోదావరిలోకి రాదాండి?"

ఆదివారం పొద్దున్నే నలుగురూ కోటిలింగాల రేవుకి వెళ్ళారు. రేవులో సంకల్పాలు చెప్పే యుగంధర్ శర్మ గారికి నాగదుర్గ విషయమంతా ముందే ఫోన్లో చెప్పి ఉంచింది. ఆయన నవ్వు ఆపుకుంటూ పిల్లని ముందు పిలిచారు. పిల్ల మూడు మునకలు వేసి, ఒక్కో మునకకీ దోసిలి పట్టుకుని, పాలు, ఇడ్లీ, ఆనపకాయ, బెండకాయ, పప్పు, పెరుగు, అన్నం, అన్నీ పేరుపేరునా వెనక్కి తీసుకుంది. పిల్లలకి తెచ్చుకోవడాలే గాని వదలడాలు లేవని శర్మ గారు తేల్చేశారు.

తర్వాత వెంకటరత్నం మునిగాడు. కాకరకాయ, నేరేడు పండు చేతికొచ్చాయి.

"పెద్దవారు కదండి, తీసుకున్న చోట ఇష్టమైనది ఒకటి వదలాలి" అన్నారు శర్మ గారు. "ఏం వదులుతున్నారండి?"

ఈ మెలిక వెంకటరత్నానికి ఎవరూ చెప్పలేదు. అయినా మనిషి తేరుకున్నాడు. తనకి ఎలాగూ గిట్టని బూడిద గుమ్మడికాయ అంటే ఒక గొడవ వదులుతుంది అనుకుని, మొహం విషాదంగా పెట్టి, నోరు తెరవబోయాడు.

"కాజా" అంది సాయిప్రసన్న, రేవంతా వినపడేలా. "మా నాన్నకి కాజా అంటే ప్రాణం అండి. ప్రతి ఆదివారం నాలుగు తింటాడు. అమ్మకి చెప్పద్దన్నాడు."

మెట్ల మీద బట్టలు పిండుతున్నవాళ్ళు కూడా ఇటు తిరిగారు. ఇష్టమైనదే వదలాలి అని ఒళ్ళో కూర్చోబెట్టుకుని చెప్పింది తనే. పిల్ల దాన్ని బుద్ధిగా గుర్తుపెట్టుకుంది.

వెంకటరత్నం భయంభయంగా భార్య వైపు చూశాడు. ఆవిడ మొహంలో ఆశ్చర్యం లేదు.

"నీకు తెలుసా?"

"రెండు నెలల నుంచి సోమవారం సోమవారం మీ చొక్కా జేబుకి చీమలు పడుతున్నాయండి. కాకరకాయకి చీమలు పట్టవు కదా."

"కాజా అనే చెప్పమంటారా అండి?" అన్నారు శర్మ గారు. నీళ్ళు చల్లగా ఉన్నాయి, తల్లి చూస్తోంది, పిల్ల చూస్తోంది. వెంకటరత్నం దోసిలితో నీళ్ళు వదిలాడు. ఆ నీళ్ళతో పాటు నాలుగు కాజాలు గోదావరిలో కొట్టుకుపోతున్నట్టే అనిపించింది.

మధ్యాహ్నం కంచంలో కాకరకాయ వేపుడు వచ్చింది. నాన్నకో ముద్ద, నాకో ముద్ద మళ్ళీ మొదలైంది. పిల్ల ఆవురావురుమని తింటుంటే వెంకటరత్నానికి కళ్ళు చెమర్చాయి. కాకరకాయ చేదుకేమో అనుకుంటారులే అని అటు తిరిగాడు. పిల్ల కూడా ఒక ముక్క నోట్లో వేసుకుని, కళ్ళూ ముక్కూ ఒకచోటికి చేర్చి, అచ్చం తండ్రిలా మొహం పెట్టింది.

"ఇది ఇష్టంతో పెట్టిన మొహం" అంది.

భోజనాలయ్యాక నాగదుర్గ బీరువా మీద నుంచి ఒక డబ్బా దింపింది. పిల్ల అన్నీ తిన్నందుకు బహుమతి అట. మూత తీసేసరికి గదంతా నెయ్యి, పంచదార పాకం గుబాళించాయి. మడతకాజా. వెంకటరత్నం లేచి వెళ్ళిపోదామనుకున్నాడు గాని కాళ్ళు కదలలేదు.

పిల్ల కాజాని రెండు చేతులా పట్టుకుని తండ్రి దగ్గరికి వచ్చింది. విరిచి, పాకం కారుతున్న సగాన్ని ముక్కు దగ్గర పెట్టింది.

"వాసన చూడు నాన్నా. వాసన వదల్లేదుగా."

వెంకటరత్నం భార్య వైపు చూశాడు. నాగదుర్గ పాపాయమ్మ వైపు చూసింది. పాపాయమ్మ శాస్త్రంలో దానికి అడ్డులేదన్నట్టు తల ఊపింది. వెంకటరత్నం కళ్ళు మూసుకుని గుండెల నిండా పీల్చాడు.

కళ్ళు తెరిచేసరికి రెండు సగాలూ పిల్ల నోట్లో ఉన్నాయి.

"వచ్చే ఆదివారం మళ్ళీ చూద్దువుగానిలే" అంది సాయిప్రసన్న, వేళ్ళు నాకుకుంటూ.