ప్రెస్సులో పడ్డ క్యారియరు

అత్తగారు ఊరెళ్లేదాకా ఒక్క మాట కూడా పడకూడదని క్రేను డ్రైవరు ఆ పొద్దున గట్టిగా అనుకున్నాడు. తుక్కు యార్డులో అతని పని సూటిగానే ఉంటుంది. క్రేనుకు వేలాడే పెద్ద అయస్కాంతాన్ని కుప్ప మీదికి దించాలి. అంటుకున్న ఇనుమును ప్రెస్సులో వదలాలి. ప్రెస్సు దాన్ని దిమ్మగా నొక్కుతుంది, దిమ్మ కొలిమికి పోతుంది. అంటుకోని స్టీలు, రాగి వేరే కుప్పకు.

క్యాబిన్ ఉడికిపోతోందని అన్నం క్యారియరును కింద నీడలో, ఒక పాత డ్రమ్ము మీద పెట్టి పైకెక్కాడు. కాసేపటికి డ్రమ్ముతో పాటు క్యారియరూ గాల్లోకి లేచింది. ఆ సంగతి అతనికి తెలిసింది ప్రెస్సు మూత పడ్డాకే.

సాయంత్రం ఉత్త చేతులతో ఇంటికొచ్చి, జరిగింది జరిగినట్టు చెప్పాడు.

"అయస్కాంతం లాక్కుపోయిందా?" భార్య గొంతు పెంచింది. "మంచి స్టీలు అయస్కాంతానికి అంటదని నా చెవులు తినేసేది మీరే కదండీ! అది మా అమ్మ కొనిచ్చింది!"

అత్తగారు అప్పటికే గదిలోంచి వచ్చేశారు.

"అల్లుడుగారూ, నేను మీకు రేకు అంటగట్టానంటారా?"

"అయ్యో, అలా అన్నానా అత్తయ్యగారూ? ఏదో పొరపాటున..."

"అయస్కాంతం పొరపాటు పడిందా?"

అతని జేబులో ఎప్పుడూ ఉండే చిన్న అయస్కాంతాన్ని ఆవిడ బయటికి తీయించారు. తాను కొనిచ్చిన గిన్నెలు, గ్లాసులు, మూతలు అన్నిటికీ పెట్టించారు. ఒక్కటీ అంటలేదు. గరిటె మీద ఆశ పెట్టుకున్నాడు, అదీ అంటలేదు.

"ఎక్కడో మరిచిపోయి వచ్చి, తప్పు నా స్టీలు మీదికి తోస్తున్నారు. రేపు ఆ దిమ్మేదో చూపించండి."

"పోతే పోయిందిలే అమ్మా," అంది భార్య, ఉన్నట్టుండి మెత్తగా. ఆవిడ వినలేదు.

మర్నాడు ముగ్గురూ యార్డుకు వెళితే, అక్కడి మేస్త్రీ ఆ దిమ్మను వెతికి చూపించాడు. నొక్కుకుపోయిన డ్రమ్ము పక్కన క్యారియరు పిడి బయటికి కనబడుతోంది. అత్తగారు కళ్లద్దాలు సర్దుకుని వంగి చూసి, మెల్లగా కూతురి వైపు తిరిగారు.

"ఇది నాది కాదే! నా దానికి పిడి మీద పువ్వు చెక్కి ఉంటుంది. అదేదీ?"

"బీరువాలో ఉందమ్మా. అంత మంచిదాన్ని ఈ తుక్కులోకి ఎలా పంపను? చవగ్గా దొరికితే ఇదొకటి కొన్నా. ఆయనకు తేడా తెలీదుగా!"

ఊళ్లో ఇనుమంతా ఏరే మనిషి తన అన్నం గిన్నెకు ఎన్నడూ అయస్కాంతం పెట్టి చూడలేదు. మేస్త్రీ దగ్గొచ్చినట్టు మొహం తిప్పుకున్నాడు.

"మరి నిన్న నా మీద ఎందుకరిచావు?"

"అమ్మ వింటోంది కదండీ!"

"వాడుకోమని ఇచ్చానే, దాచుకోమనా?" అత్తగారు తేల్చేశారు. "రేపట్నుంచి అందులోనే పెట్టు."

గెలిచిన ధీమాతో అతను మర్నాడు పువ్వు క్యారియరును అదే నీడలో పెట్టి క్రేను ఎక్కాడు. మేలైన స్టీలు కదా, అయస్కాంతం దాని జోలికి పోలేదు. మధ్యాహ్నానికి దాన్నెవరో ఎత్తుకుపోయారు.