కొర్లయ్య అరచేతిలో గాలి

సోమవారం ఉదయం సూరాడ కొర్లయ్య కుడి అరచేతిలో గాలిలోని దుమ్ము ఎంతో అంకెల్లో కనబడటం మొదలైంది. మంగళవారానికల్లా తీర పర్యావరణ పరిశోధన కేంద్రం వారు అతన్ని స్టాకు రిజిస్టరులో ఎక్కించుకున్నారు. దుమ్ము కొలిచే పాత మిషను ఉప్పుగాలికి తుప్పుపట్టి మూలపడి పదకొండు నెలలైంది. కొత్తది కావాలని రాసిన కాగితాలు పైకి వెళ్లి అక్కడే స్థిరపడిపోయాయి. పైగా కొర్లయ్య ఆ కేంద్రంలోనే వాచ్‌మన్. కాబట్టి ఎవరూ ఆశ్చర్యపోలేదు. వస్తువు పేరు: కొర్లయ్య. సంఖ్య: ఒకటి. ఉంచు స్థలం: సొంత ఇల్లు. స్థితి: పనిచేయుచున్నది.

మెడలో ఒక బిళ్ల వేశారు. దాని మీద ‘తాకరాదు’ అని ఉంది. కొర్లయ్య పెళ్లాం దానమ్మ బిళ్లనీ మొగుణ్ణీ ఎగాదిగా చూసి, “ఇదేటి, ఇంటికాడ కూడానేటి?” అంది. అని, దగ్గింది.

ఆ దగ్గు రెండేళ్లది. రేవులో బొగ్గు దింపే క్రేన్లకీ వాళ్ల పేటకీ మధ్య ఉన్నదల్లా ఒక గోడ. గోడంటూ ఉందని చెప్పుకోవడానికే తప్ప దానికన్నీ కన్నాలే. ఇసకలో ఆరేసిన చేపలు పూటకల్లా నల్లబడతాయి. దానమ్మ కడిగి మళ్లీ ఆరేస్తుంది, అవి మళ్లీ నల్లబడతాయి.

రేవు ఆసుపత్రికి ఒక రూలుంది. పేటలో దుమ్ము వరసగా ఏడు రోజులు వంద దాటితేనే ఆ పేటవాళ్ల దగ్గు దుమ్ము దగ్గు. అప్పుడు మందులిస్తారు, ఎక్స్‌రే తీస్తారు, మంచం కూడా ఇస్తారు. లేకపోతే అది మామూలు దగ్గు, ఎవరింట్లో వాళ్లు దగ్గుకోవాలి. పదకొండు నెలలుగా మిషను లేదు కనక పేటలో ఒక్కరికీ దుమ్ము దగ్గు లేదు. అందుకే అరచేతిలో 412 చూసుకున్నప్పుడు కొర్లయ్యకి ప్రాణం లేచొచ్చింది.

“ఏడు రోజులేనే. ఓర్సుకో. నిన్ను మంచమెక్కించకపోతే అప్పుడడుగు,” అన్నాడు.

రోజూ ఎనిమిదింటికి కేంద్రం డిప్యూటీ డైరెక్టరు పరాంకుశం గారు జీపులో వచ్చేవారు. కొర్లయ్య గడపలో నిలబడి చెయ్యి తలపైకెత్తి గాలి పీల్చేవాడు, ఆయన అంకె రాసుకునేవారు. పరికరానికి తడి తగలకూడదు కాబట్టి దానమ్మే ముద్దలు కలిపి పెట్టేది. పెళ్లైన కొత్తలో కూడా ఇంత మర్యాద జరగలేదని కొర్లయ్య మురిసిపోయాడు.

పరాంకుశం గారికి మాత్రం ఆ అంకె మీద అనుమానం. మొదటిరోజు పొయ్యి మీదికి పోయింది. ఆర్పించారు, 409. రెండోరోజు చేపల మీదికి పోయింది. తీయించారు, 415. మూడోరోజు చాలాసేపు దానమ్మ వంకే చూశారు. “ఈవిడ దగ్గినప్పుడు లోపలి దుమ్ము బయటికొస్తోందేమో,” అని ఆమెని వీధి చివర నిలబెట్టారు. 420. ఎటు తిరిగీ క్రేన్ల వైపు మాత్రం ఆయన చూపు పోలేదు. ఇదేదో తేడాగా ఉందని కొర్లయ్యకి అప్పుడే తోచింది. అయినా పెద్దాయన, చదువుకున్నవాడు కదా అని సరిపెట్టుకున్నాడు.

ఆరోరోజు 418. పరాంకుశం గారు రూళ్ల పుస్తకం తెరిచారు. పరికరానికి ఆరు రోజులకోసారి సున్నా దిద్దాలట. శుద్ధమైన గాలి చూపించి, ఇదే సున్నా అని దానికి చెప్పాలి. శుద్ధమైన గాలి సిలిండరులో రావాలి, రాలేదు. రాని పక్షంలో, పరికరం ఉంచిన స్థలంలోని గాలినే శుద్ధమైనదిగా భావించవచ్చునని కింద చిన్న అక్షరాల్లో ఉంది.

“రేపొక్క రోజే గదా బాబూ, ఎల్లుండి దిద్దండి,” అన్నాడు కొర్లయ్య.

“ఎల్లుండి దిద్దితే ఈ వారమంతా దిద్దని పరికరంతో కొలిచినట్టవుతుంది. చెల్లదు.”

“ఇయ్యాల దిద్దితేనో?”

“ఈ ఆరు రోజులే చెల్లవు. రేపటిది చెల్లుతుంది.”

ఆయన కొర్లయ్య అరచేతి మధ్య బొటనవేలు పెట్టి అర నిమిషం నొక్కి పట్టుకున్నారు. పైన క్రేను బొగ్గు దింపుతూనే ఉంది. వేలు తీశాక అక్కడ సున్నా ఉంది.

ఏడోరోజు పేటలో సున్నా. అదే రోజు కొర్లయ్యని ఊరి అవతల సరుగుడు తోటకి తీసుకెళ్లారు. సముద్రం మీంచి చల్లగా వీస్తున్న ఆ గాలిలో అరచెయ్యి మైనస్ 390 చూపించింది. పరాంకుశం గారు ఆందోళన పడి, ఈ ప్రదేశంలో ఎక్కువసేపు ఊపిరి పీల్చరాదని బోర్డు పెట్టించారు.

సాయంత్రం దానమ్మ అడిగింది. “ఏదయ్యా మంచం?”

కొర్లయ్య చెయ్యి చూపించాడు. ఆమె తడిగుడ్డ తెచ్చి, తాకరాదన్న చేతిని గట్టిగా తుడిచింది. గుడ్డ నల్లబడింది. సున్నా మాత్రం మరింత స్పష్టంగా కనబడింది.

“మరిదేటి?” అంది గుడ్డ అతని ముఖం ముందు పెట్టి.

కొర్లయ్యకి ఏడుపొచ్చింది. గుడ్డని చూశాడు, చేతిని చూసుకున్నాడు. చెయ్యి రిజిస్టరులో ఉంది. గుడ్డ లేదు.

“ఈ గుడ్డ ఎక్కడారేసినావే?” అన్నాడు అనుమానంగా.

దానమ్మ జవాబు చెప్పబోయింది, దగ్గొచ్చింది. వంగిపోయి గోడ పట్టుకుని దగ్గుతూనే ఉంది. కొర్లయ్య ఆమె వీపు నిమరబోయి ఆగాడు. అలవాటుగా చెయ్యి తలపైకెత్తి, గాలి పీల్చి, అంకె చూసుకున్నాడు.

“మామూలు దగ్గేనే,” అన్నాడు.