కారుకి పట్టించిన సారా

ఆ ఆదివారం ఉదయం నోబుటో వేసుకున్న పథకం చిన్నదే. తను ప్రేమించిన చిజురు వాళ్ళ నాన్న కురమోచి గారిని కారులో కితామి టౌన్‌హాలుకి చేర్చాలి, దారిలో మంచి మాటలు చెప్పి తమ పెళ్ళికి ఒప్పించాలి. కురమోచి గారు రోడ్డు భద్రతా సంఘం అధ్యక్షులు. తాగి బండి నడపడం ఎంత నేరమో ఆ రోజు అక్కడ ఆయన ప్రసంగించబోతున్నారు.

బయట ఎముకలు కొరికే చలి. కారు ముందద్దం కడిగే నీళ్ళు గడ్డకట్టి పెద్దాయన ముందు పరువు తీస్తాయని నోబుటో ముందురోజే జాగ్రత్త పడ్డాడు. ఇంజను వేడినీటి గొట్టం చుట్టూ సన్నటి రాగి గొట్టం చుట్టి, అద్దం నీళ్ళు దాని గుండా వచ్చేట్టు అమర్చాడు. అంతటితో ఆగితే బాగుండేది. నమ్మకం చాలక ఆ నీళ్ళ డబ్బాలో సగానికి సగం చిలగడదుంప సారా పోశాడు.

ఊరు దాటగానే ముందు వెళ్తున్న లారీ చిమ్మిన బురదమంచు అద్దాన్ని కప్పేసింది. నోబుటో ధీమాగా మీట నొక్కాడు. వేడివేడి సారా బుస్సుమని ఆవిరై, గాలి సందుల్లోంచి లోపలికి దిగింది.

కురమోచి గారి ముక్కుపుటాలు అదిరాయి. "ఏమయ్యా, పొద్దున్నే వేసుకొచ్చావా?"

"అయ్యో, నేను కాదండీ. కారు."

"కారా!"

"చలికి తట్టుకోవాలని నేనే పట్టించానండీ."

"ఇలాంటివాడికా మా పిల్లనివ్వాలి!"

కంగారులో నోబుటో మళ్ళీ నొక్కాడు. ఈసారి ఆవిరి అద్దం లోపలివైపు పేరుకుంది. దారి కనబడక కిటికీలోంచి తల బయటపెట్టి నడిపాడు. కారు మెలికలు తిరిగింది. వెనకే పోలీసు ఈల.

పోలీసు లోపలికి వంగి ఒక్కసారి వాసన పీల్చాడు. "దిగు. ఇందులో ఊదు."

నోబుటో ఊదాడు. సున్నా. మళ్ళీ ఊదాడు. మళ్ళీ సున్నా.

"మిషను పాడైనట్టుంది," అంటూ పోలీసు పెద్దాయన వైపు తిరిగాడు. "అధ్యక్షులుగారూ, మీరు చుక్క ముట్టరని అందరికీ తెలుసు. మీరొక్కసారి ఊదితే దీని సంగతి తేలిపోతుంది."

"నేనా? నాకు... గొంతు బాలేదయ్యా."

"ఊరికే, కొంచెం ఊదండి."

కురమోచి గారు చీమకి కూడా తగలనంత మెల్లగా ఊదారు. మిషను కీచుమని అరిచింది.

నోబుటోయే ముందు తేరుకున్నాడు. "ఆవిరంతా ఆయన మొహానికే కొట్టింది సార్! తప్పంతా నాదే."

పోలీసు డబ్బా మూత తీసి వాసన చూసి, నోబుటోని నిలబెట్టి చెడామడా తిట్టి, సారా అంతా పారబోయించి వదిలాడు.

కారు కదిలాక కురమోచి గారు కిటికీలోంచి చూస్తూ గొణిగారు. "స్టేజీ ఎక్కాలంటే నాకు కాళ్ళు వణుకుతాయి బాబూ. అందుకే, ఒక్క గుక్క."

"నాకేం వినబడలేదండీ."

సాయంత్రం చిజురు ఫోను చేసింది. "నాన్న ఒప్పుకున్నారు! నువ్వు బంగారమట! అసలేం చేశావ్?"

"పెద్దగా ఏం లేదు," అన్నాడు నోబుటో. "వాసన నా మీద వేసుకున్నాను."